చదివినా గుర్తుండట్లేదు, ఎందుకని?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు పిల్లల చదువు, జ్ఞాపకశక్తి చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, మెదడు పనితీరు గురించి గట్టిగా తేలిన విషయాల ఆధారంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా పుస్తకం వదలదు. ఒక్కో పాఠం నాలుగైదుసార్లు చదువుతుంది, ముఖ్యమైన వాక్యాలకు రంగు పెన్నుతో గీతలు పెట్టుకుంటుంది. రాత్రి అడిగితే గడగడా చెబుతుంది. పది రోజులు పోయాక స్లిప్ టెస్టులో సగం కూడా రాయలేకపోతోంది. టీచర్లేమో ఇంకా బాగా చదవాలంటున్నారు. ఇంకెంత చదవాలి?
— ఓ తల్లి, గాజువాక

గంటలు సరిపోతాయి. ఆ గంటల్లో చేసే పని మారాలి.

నాలుగోసారి చదివేటప్పుడు వాక్యాలు కళ్ల ముందు సాఫీగా సాగిపోతాయి. ఆ సాఫీతనాన్నే మనం 'వచ్చేసింది' అనుకుంటాం. చూసినదాన్ని గుర్తుపట్టడం వేరు, ఏమీ చూడకుండా లోపలి నుంచి బయటికి తీయడం వేరు. పరీక్ష అడిగేది రెండోది, మీ అమ్మాయి సాధన చేస్తున్నది మొదటిది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూపించారు. ఒక వ్యాసాన్ని కొందరు రెండుసార్లు చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, రెండోసారి చదివే బదులు గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం తర్వాత లెక్క తిరగబడింది: చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56. మీరు రాత్రి అడిగితే గడగడా చెప్పడం, పది రోజులకు తడబడటం సరిగ్గా ఇదే.

గుండె పాఠం తీసుకుందాం. మొదటి రోజు ఒక్కసారి నింపాదిగా చదవాలి, 20 నిమిషాలు. పుస్తకం మూసి పక్క గదిలో పెట్టాలి. తెల్లకాగితం మీద తేదీ వేసి గుండె బొమ్మ గీసి, రక్తం ఎటు నుంచి ఎటు వెళ్తుందో రాయాలి: కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిర, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, మహాధమని. దీనికి 10 నిమిషాలు. ఎక్కడైనా ఆగిపోతే వెంటనే పుస్తకం వైపు పరిగెత్తకూడదు. ఒకటి రెండు నిమిషాలు ఆలోచించి, రాకపోతే ఖాళీ వదిలి ముందుకు పోవాలి. చివర్లో పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. దిద్దుకోకపోతే తప్పే స్థిరపడుతుంది. ధమని అంటే మంచి రక్తమే అనుకుని పుపుస ధమనిలో ఆక్సిజన్ ఉన్న రక్తం వెళ్తుందని చాలామంది ధీమాగా రాస్తారు. విచిత్రమేమిటంటే, ఇలా ధీమాగా రాసిన తప్పును వెంటనే సరిదిద్దితే, అనుమానంగా రాసిన తప్పు కంటే అదే గట్టిగా సరవుతుంది. అందుకే ఎర్ర గీతలు చూసి పిల్లను కసరకండి.

రెండు రోజులాగి మళ్లీ ఖాళీ కాగితం. ఈసారి 7 నిమిషాలు చాలు. తర్వాత పదో రోజు, ఆ తర్వాత నెలకు. ఈ ఎడం ఎంత ఉండాలన్నది పరీక్ష ఎంత దూరంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. 2008లో 1,300 మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరిశోధన ప్రకారం, వారంలో పరీక్ష అయితే ఒకటి రెండు రోజుల ఎడం, ఏడాది తర్వాత గుర్తుండాలంటే మూడు నాలుగు వారాల ఎడం బాగా పనిచేసింది. కాస్త మరిచిపోయాక కష్టపడి గుర్తుచేసుకున్నప్పుడే జ్ఞాపకం బాగా గట్టిపడుతుంది. పొద్దున చదివి రాసింది పొద్దున్నే మళ్లీ రాస్తే ఆ కష్టం ఉండదు, ఫలితమూ అంతంతే.

ఈ పద్ధతి సాధారణంగా రెండో వారంలో ఆగిపోతుంది. ఖాళీ కాగితం ముందు కూర్చుంటే 'నాకేమీ రాదు' అనిపించి పిల్లలు మళ్లీ గీతలు పెట్టుకునే పనిలో పడతారు. అందులో సుఖముంది మరి. 2013లో పది రకాల చదువు పద్ధతులను బేరీజు వేసిన సమీక్షలో గీతలు పెట్టడం, మళ్లీ మళ్లీ చదవడం రెండూ తక్కువ ప్రయోజనం ఉన్నవాటిలో చేరాయి. స్వయంగా పరీక్ష పెట్టుకోవడం, ఎడం ఇచ్చి చదవడం అన్నిటికంటే పైన నిలిచాయి. ఇంట్లో మీరు అప్పజెప్పించుకునేటప్పుడు కూడా పుస్తకంలోని వాక్యం అక్షరం పొల్లుపోకుండా రావాలని పట్టుబట్టకండి. 'ఎడమ జఠరిక గోడ ఎందుకు మందంగా ఉంటుంది?' అని అడగండి. ఒళ్లంతటికీ రక్తం తోయాలి కాబట్టి అని సొంత మాటల్లో చెబితే, పాఠం లోపలికి వెళ్లినట్టే.

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. క్షేత్రమితి అధ్యాయం జరుగుతున్నప్పుడు అభ్యాసంలోని లెక్కలన్నీ పిల్లలు చక్కగా చేస్తారు. సమ్మెటివ్ పరీక్షలో అదే లెక్క వస్తే ఏ సూత్రం వాడాలో తేలక వదిలేస్తారు. క్లాసులో వచ్చింది పరీక్షలో ఎందుకు రాదు?
— ఓ ఉపాధ్యాయుడు, పెందుర్తి

శంకువు అభ్యాసంలో పదిహేను లెక్కలూ శంకువువే. ఏ సూత్రమో పైన శీర్షికే చెప్పేస్తుంది, పిల్లవాడు చేసేది అంకెలు పెట్టి గుణించడమే. పరీక్షలో రెండు పనులున్నాయి: సూత్రం ఎంచుకోవడం, తర్వాత లెక్క కట్టడం. మొదటి పనికి మన దగ్గర సాధనే లేదు. నెట్స్‌లో ఇరవై బంతులూ ఆఫ్ స్పిన్నే అని ముందే తెలిసి ఆడినవాడు మధురవాడ స్టేడియంలో మ్యాచ్‌కి దిగితే ఏమవుతుందో ఇదీ అంతే.

2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం నేర్పించారు. ఒక గుంపు ఒక్కో రకాన్నీ వరుసగా చేసింది, రెండో గుంపు కలగలిపి చేసింది. సాధన చేసేటప్పుడు వరుసగా చేసినవాళ్లకు 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలిపి చేసినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్షలో వరుస గుంపుకి 20 శాతం, కలగలుపు గుంపుకి 63. ఈ నాలుగు అంకెలూ స్టాఫ్‌రూములో అతికించుకోదగ్గవి.

అయితే మొదటి రోజే కలపకూడదు. కొత్త అధ్యాయానికి మొదటి రెండు పీరియడ్లు పూర్తిగా చేసి చూపించిన లెక్కలకే ఇవ్వండి. బోర్డు మీద ఒక లెక్క మొత్తం చేసి, పక్కనే అలాంటిదే ఒకటి పిల్లలతో చేయించాలి. తర్వాతి లెక్కలో చివరి మెట్టు ఖాళీ వదలండి, దాని తర్వాత చివరి రెండు మెట్లు. కొత్తగా నేర్చుకునేవాడి మెదడు ఒకేసారి పట్టి ఉంచగలిగేది చాలా కొంచెం. సూత్రం వెతకడంలోనే ఆ చోటు నిండిపోతే, లెక్క ఎలా సాగుతుందో గమనించడానికి ఏమీ మిగలదు.

మూడో రోజు నుంచి హోంవర్కు ఎనిమిది లెక్కలు: ఈరోజువి మూడు, పోయిన వారానివి రెండు, పోయిన నెలవి రెండు, కింది తరగతిది ఒకటి. కొత్తగా తయారుచేయక్కర్లేదు, పాత అభ్యాసాల నుంచి నంబర్లు ఏరి బోర్డు మీద రాస్తే చాలు. శీర్షికలు మాత్రం రాయకండి.

దీనికి తోడు వారానికోసారి పది నిమిషాల పని ఒకటి ఉంది, అది లెక్కలు చేయకుండానే చేసేది. పది ప్రశ్నలు చదివి, ఏ ఆకారం, ఏ కొలత, ఎందుకు అన్నది మాత్రమే రాయించండి. గుడారానికి ఎంత గుడ్డ కావాలి అంటే శంకువు వక్రతల వైశాల్యం, ఎందుకంటే గుడారానికి అడుగున గుడ్డ వేయం. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి అంటే ఘనపరిమాణం, ఘనపు మీటరుకి 1,000 లీటర్లు. లోహపు గోళాన్ని కరిగించి తీగ లాగారు అంటే ఘనపరిమాణం మారదు, తీగ ఒక సన్నటి స్థూపం. పిల్లలు ఎక్కువగా జారిపడేది గుడారం దగ్గరే. సంపూర్ణతల వైశాల్యం రాసేస్తారు.

మొదటి రెండు మూడు వారాలు మార్కులు తగ్గుతాయి. పైన చెప్పిన 89, 60 అదే. ఈ సంగతి ప్రధానోపాధ్యాయుడికీ తల్లిదండ్రులకూ ముందే చెప్పి పెట్టుకోకపోతే మధ్యలో ఆపేయాల్సి వస్తుంది. ఇంకో మాట: కలపమన్నాం కదా అని సంబంధం లేనివి కలిపితే లాభం లేదు. ఒకదానితో ఒకటి పొరబడే అవకాశమున్నవే కలపాలి, అంటే స్థూపం–శంకువు, బారువడ్డీ–చక్రవడ్డీ, శ్రేఢుల్లో కూడికది–గుణకారానిది. కలిపిన లెక్కల్లో సగం కూడా రాని పిల్లలు గుడ్డిగా సూత్రాలు విసురుతున్నారని అర్థం. వాళ్లను మళ్లీ చేసి చూపించిన లెక్కల దగ్గరికే తీసుకెళ్లండి.

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. మ, య ఒకటే అంటాడు. వత్తులు వదిలేస్తాడు. ఇంగ్లిష్‌లో బీ రాయమంటే డీ రాస్తాడు. ఇది డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) అని ట్యూషన్ మేడమ్ భయపెట్టారు. నిజమేనా?
— ఓ తండ్రి, సీతమ్మధార

ఈ మూడు లక్షణాలతో ఆ మాట అనడం తొందరపాటు.

బీ–డీ తికమకకు కారణం మెదడు నిర్మాణంలోనే ఉంది. పిల్లి ఎడమవైపు తిరిగి ఉన్నా కుడివైపు తిరిగి ఉన్నా పిల్లే. చూపుకి సంబంధించిన మెదడు భాగం పుట్టుకతోనే ఇలా ఎడమ కుడి తేడాను పట్టించుకోకుండా గుర్తుపడుతుంది. చదువు నేర్చుకున్నప్పుడు మెదడు ఎడమవైపు వెనక భాగంలో ఒక చోటు అక్షరాల కోసం ప్రత్యేకంగా తయారవుతుంది, అక్కడ ఆ పాత అలవాటు మానుకోవాలి. ఏడెనిమిదేళ్ల దాకా అద్దంలో చూసినట్టు రాయడం మామూలే.

ఇక తెలుగు. 36 హల్లులకు 12 చొప్పున గుణింతాలు వేసుకున్నా 432 రూపాలు, ఆపైన వత్తులు. ఇంగ్లిష్ పిల్లలు 26 అక్షరాలతో గట్టెక్కినట్టు మన పిల్లలు ఒక్క ఏడాదిలో గట్టెక్కలేరు. ఇలాంటి లిపే ఉన్న కన్నడ పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో కూడా అక్షరాల మీద పూర్తి పట్టు రావడానికి నాలుగో తరగతి దాకా పట్టింది. వత్తుల్లో త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. పిల్లలు వాటినే ముందుగా వదిలేస్తారు. బాబు వదిలేసేవి ఇవేనా, క్క, గ్గ, చ్చ లాంటివి కూడానా అన్నది వారం రోజులు నోటుపుస్తకంలో గమనించండి.

ఇంట్లో రోజుకి పది నిమిషాలు చాలు. పోలిక ఉన్న జంటలను (మ–య, ప–వ, ద–ధ, ఘ–ఝ) మొదట ఒకే రోజు నేర్పకండి. ఒకటి బాగా వచ్చాక, నాలుగైదు రోజుల ఎడంతో రెండోది నేర్పి, ఆ తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో బాబు చేతే చెప్పించండి. అక్షరం చూపించి, దాచేసి, పలక మీద గుర్తుతో రాయించండి. అచ్చు అక్షరం మీద దిద్దించడం కంటే ఇది మేలు. ఐదేళ్ల పిల్లల మీద 2012లో జరిగిన ఒక ప్రయోగంలో, సొంతంగా రాసిన అక్షరాన్ని చూసినప్పుడు మెదడులో చదువుకి సంబంధించిన భాగాలు చురుగ్గా పనిచేశాయి. దిద్దినవాటికి, కీబోర్డు మీద కొట్టినవాటికి అంతగా చేయలేదు. వంకరటింకరగా రాసుకునే క్రమంలోనే అక్షరానికి ఏది ముఖ్యమో మెదడుకి తెలుస్తుంది కాబట్టి కావచ్చు.

మాటల ఆట కూడా ఆడించండి. 'చిలక'లో చి తీసేస్తే ఏం మిగులుతుంది? 'పలక'ని వెనక నుంచి చెప్పు. ఇవి చెవితో చేసే పనులు. వీటిలో ఏడేళ్ల పిల్లవాడు బాగా తడబడితే, అక్షరాల తికమక కంటే అదే ఎక్కువ ఆలోచించాల్సిన విషయం.

ముందుగా కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. చెవిలో తరచూ చీము, జలుబు ఉండే పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఆరు నెలలు ఇలా క్రమంగా నేర్పినా, మూడో తరగతికి వచ్చాక కూడా చిన్న చిన్న మాటలు కూడబలుక్కుంటూ ఉంటే, లేదా మాటలు ఆలస్యంగా రావడం, దగ్గరి బంధువుల్లో చదువు కష్టం ఉండటం లాంటివి తోడైతే, భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు చేత పరీక్ష చేయించండి. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఆరా తీయవచ్చు. అక్కడికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు, అది అనవసరం. డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడిగే హక్కు వస్తుంది.

ప్రశ్న: మా కాలనీలో మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ శిబిరం పెట్టారు. కళ్లకు గంతలు కట్టుకుని పిల్లలు కాగితం చదివేస్తున్నారు. ఫీజు వేలల్లో ఉంది. చేర్పించమంటారా?
— ఎంవీపీ కాలనీ నుంచి

వద్దు. మిడ్‌బ్రెయిన్, అంటే మధ్య మెదడు, కళ్లు కదపడంలో, చప్పుడు వచ్చినవైపు తల తిప్పడంలో, డోపమైన్ అనే రసాయనం ద్వారా కదలికలు నడపడంలో పుట్టినప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంటుంది. అది పనిచేయకపోతే పిల్లవాడు శిబిరానికి నడిచి రాలేడు.

గంతలు కట్టినా ముక్కుకి రెండు పక్కలా సన్నటి సందు ఉంటుంది. కాగితాన్ని పొట్ట దగ్గర, కిందికి పట్టుకుని చదువుతున్నారా లేదా చూడండి. గడ్డం కింద అడ్డంగా ఒక అట్ట పెట్టి, లేదా కాగితాన్ని నుదుటి ఎత్తులో పట్టుకుని చదవమనండి. ఈత కళ్లజోడుకి లోపల నల్ల కాగితం అతికించి పెడితే ఇంకా తేలిక. చదవడం అక్కడే ఆగిపోతుంది. డబ్బు సంగతి అటుంచండి, తొమ్మిదేళ్ల పిల్లవాడికి సందులోంచి చూసి చూడలేదని చెప్పడం నేర్పించి, దానికి చప్పట్లు కొడుతున్నాం. వేలిముద్రలు తీసి ఏ కోర్సు చదవాలో చెప్పే పరీక్షలూ ఈ కోవలోవే.

ప్రశ్న: ఆరో తరగతికి సైన్సు చెబుతాను, ఇంగ్లిష్ మీడియం. పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఒక వాక్యం ఇంగ్లిష్‌లో చదివి, వెంటనే తెలుగులో చెబుతాను. అందరూ తలలూపుతారు. ప్రశ్న అడిగితే ముందు బెంచీలో ఇద్దరే చేతులెత్తుతారు.
— ఓ ఉపాధ్యాయురాలు, మధురవాడ

వాక్యం వాక్యంగా తర్జుమా చేస్తే పిల్లలు రెండు వారాల్లో ఒక కిటుకు కనిపెడతారు: ఇంగ్లిష్ వినక్కర్లేదు, తెలుగు ఎలాగూ వస్తుంది. ఏడాది గడిచినా ఇంగ్లిష్ అక్కడే ఉంటుంది. అలాగని మొత్తం ఇంగ్లిష్‌లోనే చెబితే ఇంకో చిక్కు. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునే జ్ఞాపకానికి చోటు చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ ఏడు అంశాలన్నాడు, 2001లో నెల్సన్ కోవన్ లెక్కతో అది నాలుగుకి దిగింది. తెలియని మాటలే ఆ నాలుగు చోట్లనూ ఆక్రమిస్తే సైన్సు ఎక్కడ కూర్చుంటుంది?

రెండు భాషలనూ విడదీసి, ఒక్కోదానికి ఒక పని అప్పజెప్పండి. అయస్కాంతం పాఠాన్ని 40 నిమిషాల పీరియడ్‌లో ఇలా నడపవచ్చు.

మొదటి 5 నిమిషాలు పాత ప్రశ్నలు మూడు: నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. నోటితో వద్దు. అందరూ పలక మీదో రఫ్ పుస్తకంలోనో రాసి ఒకేసారి ఎత్తి చూపాలి. ఇద్దరి సమాధానం చూసి క్లాసు మొత్తానికి వచ్చిందనుకునే పొరపాటు దీంతో తప్పుతుంది.

తర్వాత 12 నిమిషాలు తెలుగులోనే భావం. దారం కట్టి కడ్డీ అయస్కాంతాన్ని వేలాడదీయండి, ఏ దిక్కుకి ఆగుతుందో ముందు పిల్లలనే ఊహించి రాయమనండి. ఇనుప రజను చల్లితే చివర్లలో ఎందుకు గుంపుగా అంటుకుందో అడగండి. ఇక్కడ ఇంగ్లిష్ మాటలు తేకండి.

తర్వాత 10 నిమిషాలు మాటలు, నాలుగే నాలుగు: మాగ్నెట్, పోల్, అట్రాక్ట్, రిపెల్. భావం అప్పటికే తెలుసు కాబట్టి దానికి పేరు తగిలించడమే పని. రెండు వాక్యాల చట్రాలు బోర్డు మీద రాసి, పక్కవాడికి అయస్కాంతం చూపిస్తూ చెప్పమనండి: లైక్ పోల్స్ రిపెల్, అన్‌లైక్ పోల్స్ అట్రాక్ట్. ఇప్పుడిక పాఠ్యపుస్తకం తెరిచి ఇంగ్లిష్ పేజీ చదివించండి, 8 నిమిషాలు. మన ద్విభాషా పుస్తకాల్లో ఎదురుగా తెలుగు పేజీ ఉంటుంది. దాన్ని కాగితంతో మూసి పెట్టించి, అర్థం కాని వాక్యం దగ్గర మాత్రమే తెరిచి చూడనివ్వండి. మిగిలిన 5 నిమిషాల్లో పుస్తకాలన్నీ మూసి, నేర్చుకున్నది మూడు వాక్యాల్లో రాయించండి. తెలుగు, ఇంగ్లిష్ కలిసిపోయినా ఫరవాలేదు.

ఇంకొకటి, ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికా తరగతి గదులు గమనించినప్పుడు, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని తేలింది. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. మనసులో తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి మార్చుకోవాల్సిన పిల్లలకు 3 కూడా చాలదు, 6 లెక్కపెట్టండి. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించడం టీచరుకే కష్టం.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లలను చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని మూడు రకాలుగా విడదీసి కార్డులిచ్చారు. మా పాప 'విని' అట. దాని ప్రకారం ఇంట్లో చదివించాలా?
— అక్కయ్యపాలెం

అక్కర్లేదు. పిల్లలకు ఇష్టాలుండటం నిజమే, కానీ ఆ ఇష్టానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లో జరిగిన సమగ్ర సమీక్ష తేల్చింది. నదుల పాఠానికి పటం కావాలి, పద్యానికి చెవి కావాలి, అది ఏ పిల్లకైనా అంతే. ఆ కార్డు వల్ల పాప పటాలు నా వల్ల కాదని వదిలేయకుండా చూడండి.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ, హాస్టల్‌లో ఉంటున్నాను. రాత్రి 11 దాకా స్టడీ అవర్స్, పొద్దున నాలుగున్నరకి లేపుతారు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు పడుకుంటాను. అది సరిపోదా?
— ఓ విద్యార్థి

సరిపోదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకి 8 నుంచి 10 గంటలు కావాలన్నది నిద్ర వైద్యుల సిఫార్సు. నీకు దక్కుతున్నది ఐదున్నర, అంటే వారానికి కనీసం 17 గంటల లోటు. ఆదివారం మూడు గంటలు అందులో ఏ మూలకి?

పగలు నేర్చుకున్నది ముందు హిప్పోకాంపస్ అనే చిన్న భాగంలో నమోదవుతుంది. గాఢనిద్రలో అదే క్రమాన్ని మెదడు మళ్లీ మళ్లీ నడిపి, పైపొరల్లో స్థిరపరుస్తుంది. తెల్లవారుజామున ఎక్కువగా వచ్చే కలల నిద్రను నాలుగున్నరకి మోగే గంట మధ్యలోనే తుంచేస్తుంది. పైగా మీ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది కాబట్టి తొమ్మిదింటికి పడుకోమన్నా నిద్ర రాదు. బద్ధకం అనే ముద్ర అందుకే అన్యాయం.

హాస్టల్ గంట నీ చేతిలో లేదు, కాబట్టి చేతిలో ఉన్నవి చూద్దాం. భోజనం తర్వాత ఎక్కడైనా 20 నిమిషాలు కునుకు తీయి. అంతకుమించితే మత్తు వదలదు. టీ, కాఫీ సాయంత్రం నాలుగు తర్వాత వద్దు, అందులోని కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. చివరి గంటలో కొత్త అధ్యాయం మొదలుపెట్టకు. ఆరోజు చేసిన సూత్రాలు పుస్తకం చూడకుండా రాసుకుని, దిద్దుకుని పడుకో. తెల్లవారుజాము స్టడీ అవర్‌లో కునికిపాట్లు పడుతూ థియరీ చదివే బదులు నిలబడి లెక్కలు చేయి. మీ అమ్మానాన్నలకు ఈ పేజీ చూపించు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో రాత్రి పదికి లైట్లు ఆర్పాలని వాళ్లు నలుగురైదుగురు కలిసి అడిగితే యాజమాన్యం వినే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: మనవరాలికి ఏడో తరగతి. పాఠం వింటూ మధ్యలో జావగారిపోతుందని టీచరు చెప్పారు. జ్ఞాపకశక్తికి బ్రాహ్మీ మాత్రలు, బాదం పాలు ఇవ్వమంటున్నారు. ఏది మంచిది?
— ఓ తాతగారు, భీమిలి

బాదం తింటే నష్టం లేదు. మాత్రలు కొనేముందు మాత్రం పాపకు రక్తపరీక్ష చేయించండి తాతగారూ. 12 ఏళ్లు నిండిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు, అంతకు చిన్నదైతే 11.5. ఇనుము తక్కువైతే రక్తమే కాదు, మెదడులో డోపమైన్ తయారీ కూడా కుంటుపడుతుంది, ధ్యాస నిలవదు. ఈ వయసులో ఆడపిల్లల్లో ఇది చాలా ఎక్కువగా కనిపిస్తుంది, చూడటానికి బద్ధకంలాగే ఉంటుంది.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. చాలామంది పిల్లలు వికారంగా ఉందని జేబులో వేసుకుని పారేస్తారు. ఖాళీ కడుపుతో వేసుకోవడమే దానికి ఎక్కువసార్లు కారణం. మధ్యాహ్న భోజనం తర్వాత మింగితే తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదు. మాత్ర వేసుకున్న గంట లోపల టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, నిమ్మకాయ నీళ్లో జామకాయో అయితే బాగా పడుతుంది. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా వేసుకుందో లేదో అడగండి, కడుపులో పురుగులుంటే ఎంత ఇనుము ఇచ్చినా నిలవదు. హిమోగ్లోబిన్ బాగా తక్కువ వస్తే వారానికో మాత్ర సరిపోదు, రోజూ ఎంత వేయాలో డాక్టరు చెప్పాలి.